రాస్‌బెర్రీ పై ఆటోమేషన్: ఏ రిలే బోర్డు, ఏ ఇన్‌పుట్ బోర్డు?

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ అయిన రాస్‌బెర్రీ పైతో మోటార్లు, వాల్వులు, లైట్లు నడపాలనుకునేవారు మొదట అడిగేది "ఎన్ని రిలేల బోర్డు కొనాలి?" అని. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంచే స్విచ్చే రిలే. అవి నాలుగా, ఎనిమిదా, పదహారా అన్న దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. నా ఉద్దేశంలో రిలేల సంఖ్య ఆఖరున తేల్చుకోవలసిన విషయం. అంతకన్నా ముందు తేలవలసినవి రెండున్నాయి. బయటి స్విచ్చులు, సెన్సర్లు చెప్పేదాన్ని బోర్డు ఎంత నమ్మకంగా అందుకుంటుందన్నది ఒకటి. రాస్‌బెర్రీ ఉన్నట్టుండి ఆగిపోతే అప్పటికి ఆన్‌లో ఉన్న రిలే ఏమవుతుందన్నది రెండోది. ట్యాంకు పొంగిపోవడం, నీళ్లు లేని సంపులో మోటారు తిరిగి కాలిపోవడం వంటివి ఎక్కువగా ఈ రెండు చోట్లే మొదలవుతాయి.

పోలికకు ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక అపార్ట్‌మెంటుకు కింద సంపు, మేడమీద ట్యాంకు, ఒక బోరు మోటారు, సంపు నుంచి నీళ్లు పైకి ఎక్కించే 1 హెచ్‌పీ మోటారు ఉన్నాయి. దీనికి రిలేలు రెండు చాలు. మున్సిపల్ నీళ్లకు వాల్వు పెడితే మూడు. ఇన్‌పుట్లు లెక్కపెట్టండి: సంపులో నీటి మట్టం చెప్పే ఫ్లోట్ స్విచ్చులు రెండు, ట్యాంకులో రెండు, కాంటాక్టర్ (మోటారును ఆన్ చేసే పెద్ద స్విచ్చు) పట్టుకుందో లేదో చెప్పేది ఒకటి, మోటారు ఎక్కువ కరెంటు లాగి ఓవర్‌లోడ్ ట్రిప్ అయిందని చెప్పేది ఒకటి, ఆటో-మాన్యువల్ స్విచ్చు ఒకటి, ఫ్లో మీటరు పల్సు ఒకటి. ఎనిమిది. అయినా దుకాణంలో కనిపించే బోర్డుల్లో ఎక్కువ భాగం ఒక్క ఇన్‌పుట్ కూడా లేని ఎనిమిది రిలేల బోర్డులే.

## లోడు: రిలే మీద అచ్చువేసిన 10 ఆంపియర్లు

చౌక బోర్డుల మీద కనిపించే నీలం రిలేలు చాలావరకు సాంగిల్ కంపెనీ ఎస్‌ఆర్‌డీ-05వీడీసీ-ఎస్‌ఎల్-సీ రకం. దాని మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని పెద్దగా ఉంటుంది. డేటాషీట్ తెరిస్తే అసలు లెక్క తెలుస్తుంది. మూడు కాళ్ల చేంజ్‌ఓవర్ రకానికి 240 వోల్టుల దగ్గర హీటరు వంటి రెసిస్టివ్ లోడుకు 7 ఆంపియర్లే ఇస్తుంది. మోటారు, కాయిల్ వంటి ఇండక్టివ్ లోడుకైతే 120 వోల్టుల దగ్గరే 3 ఆంపియర్లకు దించుతుంది. మన కరెంటు 230 వోల్టులు. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు సుమారు 6–7 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో అంతకు ఐదారు రెట్లు. అలాంటి మోటారును ఈ రిలేకు నేరుగా కలిపితే కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి. అతుక్కున్న రిలేను ఏ ప్రోగ్రామూ ఆపలేదు.

అందుకే మోటారుకు, రిలేకు మధ్య కాంటాక్టర్ ఉండాలి. రిలే నడపవలసింది కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే. కాయిల్ పట్టి ఉంచడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు, ఏ చిన్న రిలే అయినా ఆ పని చేస్తుంది. అంటే కాంటాక్టర్ పెట్టాలని నిర్ణయించుకున్నాక రిలే ఆంపియర్ల మీద ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. మిగిలిన డబ్బు ఇన్‌పుట్ల మీద పెట్టవచ్చు.

పొలంలో త్రీ ఫేజు మోటారు ఉన్నవారు ఒకటి తప్పక చూడాలి. మోటారును నేరుగా లైనుకు కలిపే డీవోఎల్ స్టార్టర్లలో చాలావాటికి కాయిల్ రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడుస్తుంది. మన రిలేలు 250 వోల్టులకు మించి తట్టుకునేవి కావు. స్టార్టర్ తెరిచి కాయిల్ మీద రాసిన వోల్టేజీ చదవకుండా రిలే వైరు కలపవద్దు. 415 అని ఉంటే ఎలక్ట్రీషియన్ చేత 230 వోల్టుల కాయిల్ వేయించాలి, లేదా మధ్యలో ఇంకో చిన్న కాంటాక్టర్ పెట్టించాలి.

రిలేకు ఆయుష్షు కూడా ఉంటుంది. పూర్తి లోడు మీద దాదాపు లక్ష సార్లు కొట్టుకోగలదని ఇదే డేటాషీట్ చెబుతుంది. ఐదు నిమిషాలకొకసారి హీటరును ఆన్ చేసే ఇన్‌క్యుబేటర్ అయితే రోజుకు 288 సార్లు. లక్ష పూర్తి కావడానికి ఏడాది కూడా పట్టదు. అలాంటి పనికి కదిలే కాంటాక్టులు లేని సాలిడ్ స్టేట్ రిలే మేలు. రోజుకు నాలుగుసార్లు తిరిగే నీళ్ల మోటారుకు ఈ లెక్కతో పనిలేదు.

## ఇన్‌పుట్లు: ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు

సంకేతాలు అందుకోవడానికి, పంపడానికి రాస్‌బెర్రీకి ఉండే జీపీఐవో పిన్ను 3.3 వోల్టులది. 5 వోల్టులు తగిలినా దెబ్బతింటుంది. బల్ల మీద బ్రెడ్‌బోర్డుకు గుచ్చిన బటన్‌కు అది చాలు. మేడమీద ట్యాంకు నుంచి కిందికి దిగే 30 మీటర్ల వైరుకు చాలదు.

కారణం తేలికగానే అర్థమవుతుంది. స్విచ్చు తెరిచి ఉన్నప్పుడు పిన్నును 3.3 వోల్టుల దగ్గర పట్టి ఉంచే లోపలి పుల్-అప్ రెసిస్టర్ దాదాపు 50 కిలో ఓములు. అంటే ఫ్లోట్ స్విచ్చు మూసుకున్నప్పుడు వైరులో పారేది 66 మైక్రో ఆంపియర్లు. అదే పైపులో మోటారు కేబుల్ కూడా దిగుతుంటే, మోటారు స్టార్టయిన ప్రతిసారీ ఆ పొడవాటి వైరులో పుట్టే వోల్టేజీ ఇంత చిన్న కరెంటును సులువుగా తలకిందులు చేస్తుంది. మోటారు ఆన్ కాగానే "ట్యాంకు నిండింది" అని ఒక క్షణం కనిపిస్తుంది. ప్రోగ్రామ్ మోటారును ఆపుతుంది, మళ్లీ వేస్తుంది, మళ్లీ ఆపుతుంది. కాంటాక్టర్ టకటకా కొట్టుకుంటుంటే చాలామంది రిలే బోర్డు పాడైందనుకుని కొత్తది కొంటారు. తప్పు రిలేది కాదు.

దీనికి సరైన మందు 12 లేదా 24 వోల్టుల ఆప్టో ఇన్‌పుట్. బయటి స్విచ్చు వైరులో కొన్ని మిల్లీ ఆంపియర్లు పారతాయి, ఆ కరెంటు ఆప్టో కప్లర్ లోపలి చిన్న ఎల్‌ఈడీని వెలిగిస్తుంది, అవతలి పక్క ఫోటో ట్రాన్సిస్టర్ ఆ వెలుగును చూసి 3.3 వోల్టుల సంకేతం ఇస్తుంది. రెండు పక్కల మధ్య రాగి సంబంధం ఉండదు. పరిశ్రమల్లో పాటించే ఐఈసీ 61131-2 ప్రమాణంలో టైప్ 1 ఇన్‌పుట్ 15 వోల్టులు దాటితేనే ఆన్‌గా, 5 వోల్టుల లోపైతే ఆఫ్‌గా లెక్కిస్తుంది. ఆ మధ్య ఉన్న 10 వోల్టుల ఖాళీయే గోలను, అంటే వైరులో పుట్టే అనవసర వోల్టేజీని, అడ్డుకునేది. 3.3 వోల్టుల పిన్నుకు అంత చోటు ఎక్కడిది?

ఇన్‌పుట్లు ఉన్నాయని రాసిన బోర్డు దొరికినా మూడు ప్రశ్నలు వేయాలి. ఇన్‌పుట్ వోల్టేజీ ఎంత వరకు? ఆప్టో ఉన్నా, బయటి పక్కకు వేరే సప్లై ఇవ్వడానికి వేరే టెర్మినల్ ఉందా, లేక గ్రౌండు రెండు పక్కలా ఒకటేనా? ఒకటే అయితే ఆప్టో పెట్టి లాభం చాలావరకు పోయినట్టే. మూడోది, మీ సెన్సరు తన అవుట్‌పుట్‌ను గ్రౌండుకు కలిపే ఎన్‌పీఎన్ రకమా, సప్లైకి కలిపే పీఎన్‌పీ రకమా, బోర్డు దేన్ని అందుకుంటుంది? మామూలు ఫ్లోట్ స్విచ్చుకు ఈ మూడో ప్రశ్న అవసరం లేదు. తాకకుండానే వస్తువును పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్లు వాడేవారికి మాత్రం ఇది తేలకపోతే బోర్డు వచ్చాక తిరిగి పంపవలసి వస్తుంది.

ఫ్లో మీటరు, విద్యుత్ మీటరు పల్సులది ఇంకో దారి. నీళ్ల పనుల్లో ఎక్కువగా వాడే వైఎఫ్-ఎస్201 ఫ్లో సెన్సరు లీటరుకు సుమారు 450 పల్సులు ఇస్తుంది. నిమిషానికి 30 లీటర్లు పారితే సెకనుకు 225 పల్సులు. వీటిని, పిన్నుల సంఖ్య పెంచే ఎక్స్‌పాండర్ చిప్‌ను మాటిమాటికీ అడిగి లెక్కపెట్టడం కుదరదు, కొన్ని తప్పిపోతాయి. నేరుగా జీపీఐవో పిన్నుకు తేవాలి, లేదా లెక్కపెట్టే కౌంటరు సొంతంగా ఉన్న బోర్డు కొనాలి. ఈ సెన్సరుకు 5 వోల్టులు ఇచ్చి నడుపుతాం కాబట్టి, పిన్నుకు కలిపే ముందు దాని అవుట్‌పుట్‌ను 3.3 వోల్టులకు దించడం మరవకూడదు.

## రాస్‌బెర్రీ ఆగిపోతే

మెమరీ కార్డు పాడవుతుంది, ప్రోగ్రామ్ చిక్కుకుంటుంది, సప్లై కుంగుతుంది. ఆ సమయంలో మోటారు ఆన్‌లో ఉంటే ఏమవుతుందన్నది బోర్డును బట్టి మారుతుంది.

రిలే నేరుగా జీపీఐవోకు కలిసి ఉంటే, రాస్‌బెర్రీని నడిపే లైనక్స్ బిగుసుకుపోయినప్పుడు పిన్ను చివరి స్థితిలోనే ఉంటుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది. రాస్‌బెర్రీలో ఉన్న హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ను ఆన్ చేసి ఉంటే కొద్ది సెకన్లలో రీసెట్ అవుతుంది. రీసెట్‌తో పిన్నులన్నీ ఇన్‌పుట్లుగా మారి రిలే వదిలేస్తుంది. ఎక్స్‌పాండర్ చిప్ ఉన్న బోర్డులో ఇలా జరగదు. రాస్‌బెర్రీ రీసెట్ అయినా 5 వోల్టులు పోవు కాబట్టి, చిప్ తన చివరి స్థితిని పట్టుకునే ఉంటుంది. ప్రోగ్రామ్ మళ్లీ మొదలై "ఆఫ్" అని రాసేదాకా మోటారు ఆగదు. చిప్‌కు ఉన్న రీసెట్ కాలును ఒక జీపీఐవోకు కలిపే వీలు బోర్డులో ఉంటే ఈ చిక్కు తీరుతుంది. కొనేముందు సర్క్యూట్ బొమ్మలో ఆ కాలు ఎక్కడికి వెళ్తుందో చూడండి. పొడవైన జంట వైరు మీద సందేశాలు అందుకునే మోడ్‌బస్ బోర్డులు సొంత సప్లై మీద నడుస్తాయి కాబట్టి వాటికి రాస్‌బెర్రీ చచ్చిందన్న సంగతే తెలియదు. అయితే వాటిలో కొన్నింటికి "ఇంతసేపు మాత్రమే ఆన్‌లో ఉండు" అని చెప్పగలిగే టైమరు కమాండు ఉంటుంది. మోటారును ప్రతి నిమిషం మళ్లీ మళ్లీ "రెండు నిమిషాలు ఆన్" అని అడుగుతూ ఉంటే, అడిగేవాడు లేనప్పుడు అది దానంతటదే ఆగుతుంది. ఈ ఒక్క సదుపాయం కోసమే మోడ్‌బస్ బోర్డును ఎంచుకున్నా తప్పులేదు.

ఏ బోర్డు కొన్నా, ట్యాంకు చివరి ఫ్లోట్ స్విచ్చును, ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టును కాంటాక్టర్ కాయిల్ లైనులోనే సిరీస్‌లో పెట్టించండి. అప్పుడు కంప్యూటర్ ఏం చెప్పినా నీళ్లు నిండగానే కాయిల్ తెగుతుంది. ఆ వైరులో పారేది 230 వోల్టులు కాబట్టి అందుకు తగిన ఫ్లోట్ స్విచ్చే వాడాలి, కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఉండాలి. ఈ పని ఎలక్ట్రీషియన్‌దే.

కరెంటు పోయి వచ్చినప్పటి సంగతి కూడా ముందే ఆలోచించాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. అవసరం లేకున్నా మోటార్లు వాటంతటవే తిరిగి భూగర్భ జలాలు తోడేయకూడదన్నదే అందులోని ముఖ్యోద్దేశం. మీ ప్రోగ్రామ్ కూడా బూట్ కాగానే మోటారు వేసేదైతే అదీ ఆటో స్టార్టరే. మొదట అన్నీ ఆఫ్, ఆ తర్వాత ఇన్‌పుట్లు చదవడం, కొంత ఆలస్యం, అప్పుడే ఆన్. ఈ క్రమం తప్పకూడదు.

## ఎంపికలు

నీలం రిలేల చౌక బోర్డు. ధర వందల్లోనే ఉంటుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగిన వెంటనే దొరుకుతుంది. ఒక్కో రిలే కాయిల్ 70 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిదీ ఆన్ అయితే 560 మిల్లీ ఆంపియర్లు. దాన్ని రాస్‌బెర్రీ 5 వోల్టుల పిన్ను నుంచి లాగితే చిన్న అడాప్టర్ కుంగుతుంది. బోర్డు అంచున "జేడీ-వీసీసీ" అని రాసి, పక్కపక్కనే రెండు పిన్నులను కలిపే ఒక చిన్న జంపర్ ఉంటుంది. దాన్ని తీసి, జేడీ-వీసీసీకి వేరే 5 వోల్టుల సప్లై ఇచ్చి, వీసీసీకి రాస్‌బెర్రీ 3.3 వోల్టులు ఇస్తేనే ఆప్టో కప్లర్ ఉన్నందుకు ఫలితం. జంపర్ అలాగే ఉంచితే కాయిళ్ల సప్లై, కంప్యూటర్ సప్లై ఒకటే, ఆప్టో ఉన్నా లేనట్టే. కొన్ని బోర్డుల్లో 3.3 వోల్టులకు లోపలి ఎల్‌ఈడీలు సరిగా వెలగక రిలే పట్టుకోదు, అందుకని లోడు కలపకముందే ఒక్కో చానల్‌ను పరీక్షించాలి. ఇవి ఎక్కువగా పిన్ను సున్నాకు దిగితే ఆన్ అయ్యే రకం, ప్రోగ్రామ్‌లో తలకిందులుగా రాయవలసి వస్తుంది.

బోర్డును వెనక్కి తిప్పి చూడండి. రిలే కామన్ కాలు చుట్టూ బోర్డును చీల్చి ఒక సన్నటి గాడి చేసి ఉంటే 230 వోల్టుల వైపును, 5 వోల్టుల వైపును దూరంగా ఉంచాలని తయారీదారు కొంతైనా ఆలోచించాడన్నమాట. గాడి లేకుండా, రెండు వైపుల రాగి గీతలు రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గరలో పోతున్న బోర్డును 12 వోల్టుల లైట్లకు, వాల్వులకు మాత్రమే వాడండి. ఈ రకంలో ఇన్‌పుట్లు ఉండవు, అవి వేరుగా కొనాలి.

ఎక్స్‌పాండర్ చిప్‌తో సొంత కూర్పు. సోల్డరింగ్ వచ్చినవారికి ఇది మంచి దారి. ఎంసీపీ23017 చిప్, చిప్పులు మాట్లాడుకునే ఐ2సీ అనే రెండు వైర్ల బస్సు మీద 16 లైన్లు ఇస్తుంది. ఎనిమిది చిరునామాలు పెట్టుకోవచ్చు కాబట్టి 128 లైన్ల దాకా పోవచ్చు. ఏదైనా ఇన్‌పుట్ మారితే చెప్పే ఇంటరప్ట్ కాళ్లు రెండున్నాయి. పాత పాఠాల్లో కనిపించని సంగతి ఒకటుంది: కొత్త డేటాషీట్ ప్రకారం రెండు పోర్టుల్లోనూ చివరి లైన్లయిన జీపీఏ7, జీపీబీ7 అవుట్‌పుట్లుగా మాత్రమే వాడాలి. అంటే ఇన్‌పుట్లకు 14 లైన్లే. పీసీఎఫ్8574 ఇంకా చౌక, ఎనిమిది లైన్లే. అది కరెంటును లోపలికి బాగా తీసుకోగలదు కానీ బయటికి దాదాపు ఇవ్వలేదు, అందుకే సున్నాకు ఆన్ అయ్యే రిలే బోర్డులకే నప్పుతుంది. విడి రిలేలను నడపడానికి యూఎల్‌ఎన్2803 చిప్ ఉంది. ఎనిమిది చానళ్లు, 50 వోల్టుల దాకా, కాయిల్ వదిలినప్పుడు ఎగిసే వోల్టేజీని మింగే డయోడ్లు లోపలే ఉంటాయి. ఐ2సీ వైర్లు మాత్రం అరమీటరు లోపే ఉంచండి. ఈ బస్సు ఒకే పెట్టెలో ఉండే చిప్పుల కోసం పుట్టింది.

హ్యాట్‌లు. 2014లో రాస్‌బెర్రీ పై బీ ప్లస్‌తోపాటు వచ్చిన ప్రమాణం ఇది: 40 పిన్నుల మీద నేరుగా కూర్చునే బోర్డు. వైర్ల గజిబిజి ఉండదు, ఇల్లు దాటని పనులకు నాకు నచ్చిన దారి ఇదే. అయితే హ్యాట్ అనగానే అన్నీ ఒకటే అనుకోకూడదు. పిమొరోనీ ఆటోమేషన్ హ్యాట్‌లో మూడు రిలేలు, మూడు 24 వోల్టులు తట్టుకునే ఇన్‌పుట్లు, మూడు అనలాగ్ ఇన్‌పుట్లు ఉన్నాయి. చాలా నీటుగా ఉంటుంది, కానీ ఆ రిలేలు 24 వోల్టులు, 2 ఆంపియర్లకే. 230 వోల్టులు అసలు కలపకూడదు. వేవ్‌షేర్ మూడు రిలేల బోర్డు 250 వోల్టులు, 5 ఆంపియర్లకు సరిపోతుంది, కానీ ఇన్‌పుట్లు లేవు, జీపీఐవో 26, 20, 21లను తనకే పట్టుకుంటుంది. సీక్వెంట్ మైక్రోసిస్టమ్స్ ఎనిమిది రిలేల హ్యాట్‌లను ఒకదానిపై ఒకటి ఎనిమిది వరసల దాకా పేర్చవచ్చు, 64 రిలేలు. అదే సంస్థ హోమ్ ఆటోమేషన్ బోర్డులో ఎనిమిది రిలేలతోపాటు ఎనిమిది ఆప్టో ఇన్‌పుట్లు, అనలాగ్ ఇన్‌పుట్లు, 0–10 వోల్టుల అవుట్‌పుట్లు ఉన్నాయి. మన అపార్ట్‌మెంటు ఉదాహరణకు ఒక్క బోర్డుతో సరిపోయేది ఇలాంటిదే. ధర వేలల్లో ఉంటుంది. దిగుమతి సుంకం, కొరియర్ ఖర్చు కలిపాకే మిగతావాటితో పోల్చండి.

మోడ్‌బస్ బోర్డులు. మోడ్‌బస్‌ను మోడికాన్ కంపెనీ 1979లో తెచ్చింది. నేటికీ ఫ్యాక్టరీల్లో, సోలార్ ఇన్వర్టర్లలో, విద్యుత్ మీటర్లలో అదే నడుస్తోంది. ఆర్‌ఎస్-485 జంట వైరు మీద తక్కువ వేగంలో 1200 మీటర్ల దాకా పోతుంది. మామూలు లెక్కలో ఒకే లైను మీద 32 పరికరాలు. రాస్‌బెర్రీకి ఒక యూఎస్‌బీ-ఆర్‌ఎస్485 ముక్క చాలు, ఇక ప్రతి బోర్డూ తన దగ్గరి 12 లేదా 24 వోల్టుల సప్లై మీద, తన పెట్టెలో, తన మోటారు పక్కనే ఉంటుంది. ఫ్లోట్ స్విచ్చు వైరు 30 మీటర్లు లాగనక్కర్లేదు, ట్యాంకు దగ్గరే బోర్డు పెట్టేయవచ్చు. పొడవైన వైరు మీద పోయేది ఇప్పుడు తప్పొప్పులు సరిచూసుకునే సందేశం, అందులో గోల కలిసినా చెడ్డ సందేశాన్ని అటువైపు పారేస్తుందే తప్ప తప్పుగా అర్థం చేసుకోదు.

దీనికి వెల కాలంలో కట్టాలి. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక బోర్డు ఇన్‌పుట్లను అడిగి జవాబు అందుకోవడానికి సుమారు 25–40 మిల్లీ సెకన్లు. పది బోర్డులకు సెకనులో మూడో వంతు. నీళ్ల పనులకు, పొలానికి ఇది ఏమాత్రం అడ్డు కాదు. వేగంగా వచ్చే పల్సులకు మాత్రం పనికిరాదు. లైను రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్లు పెట్టడం, ఏ, బీ వైర్లు తారుమారు కాకుండా చూడటం, ప్రతి బోర్డుకూ వేర్వేరు చిరునామా ఇవ్వడం: మొదటి రోజు తిప్పలన్నీ ఈ మూడింటి వల్లే. ఎనిమిది రిలేలు, ఎనిమిది ఇన్‌పుట్లు కలిసి డిన్ రైలు (ప్యానెల్లోని లోహపు పట్టీ) మీద బిగించే డబ్బాలో వచ్చే రకం వెతకండి. హ్యాట్‌కన్నా పెద్దగా ఎక్కువ ధర ఉండదు.

పరిశ్రమ స్థాయి పెట్టెలు. జర్మనీ కున్‌బస్ కంపెనీ రెవల్యూషన్ పై, చెక్ దేశపు యూనిపై. రాస్‌బెర్రీనే లోపల పెట్టి, 24 వోల్టుల సప్లై, డిన్ రైలు డబ్బా, ప్రమాణాలకు తగిన ఇన్‌పుట్లు ఇస్తాయి. రెవల్యూషన్ పై డీఐవో ముక్కలో 14 ఇన్‌పుట్లు, 14 అవుట్‌పుట్లు ఉంటాయి. ఖర్చు పదివేలు దాటి పోతుంది. వేరొకరి ఫ్యాక్టరీలో పెట్టి, చెడిపోతే జవాబు చెప్పవలసినవారికి ఆ డబ్బు న్యాయమే. సొంత ఇంటికి అవసరం లేదు.

యూఎస్‌బీ రిలేలు, ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ చిప్ ఉన్న వైఫై రిలేలు కూడా ఉన్నాయి. యూఎస్‌బీది పరీక్షల బల్లకు బాగుంటుంది. మోటారు దగ్గరి గోలకు యూఎస్‌బీ కనెక్షన్ తెగిపోయే అవకాశం ఎక్కువ. వైఫై రిలే దీపాలకు సరే. మోటారు ఆగడం రౌటరు మీద ఆధారపడటం నాకు సమ్మతం కాదు. అయితే ఆగే నిర్ణయం ఆ ఈఎస్‌పీ32 లోపలే తీసుకునేలా రాస్తే అది వేరే సంగతి.

సాలిడ్ స్టేట్ రిలేలున్న చౌక బోర్డుల్లో ఎక్కువగా ఓమ్రాన్ జీ3ఎంబీ-202పీ కనిపిస్తుంది. 2 ఆంపియర్లు, ఏసీకి మాత్రమే. ఆఫ్‌లో ఉన్నా కొద్దిగా కరెంటు కారుతుంది, చిన్న ఎల్‌ఈడీ బల్బు సన్నగా వెలుగుతూనే ఉంటుంది. పాడైతే ఎక్కువసార్లు షార్ట్ అయ్యే పాడవుతుంది. హీటరుకు వాడితే పైన, వేడి మితిమీరితే కరెంటు తెంచే థర్మల్ కటౌట్ ఒకటి తప్పనిసరి.

| ఎంపిక | ఇన్‌పుట్లు | దూరం | రాస్‌బెర్రీ రీసెట్ అయితే | ఖర్చు |
|---|---|---|---|---|
| నీలం రిలేల బోర్డు | లేవు | ఒకే పెట్టె | రిలేలు వదిలేస్తాయి | వందల్లో |
| ఎక్స్‌పాండర్ కూర్పు | మీరు చేసుకున్నంత | ఒకే పెట్టె | చివరి స్థితి నిలుస్తుంది, రీసెట్ కాలు కలిపితే వదులుతాయి | వందల్లో |
| హ్యాట్ | బోర్డును బట్టి 0 నుంచి 8 | ఒకే పెట్టె | జీపీఐవో రకమైతే వదులుతాయి, ఐ2సీ రకమైతే నిలుస్తాయి | వేలల్లో |
| మోడ్‌బస్ | సాధారణంగా 8, ఆప్టోతో | వందల మీటర్లు | నిలుస్తాయి, టైమరు కమాండు ఉంటే ఆగుతాయి | వేలల్లో |
| రెవల్యూషన్ పై, యూనిపై | ప్రమాణాలకు తగినవి | పెట్టె దగ్గరే, మోడ్‌బస్‌తో పెంచవచ్చు | తయారీదారు పత్రాల్లో చూడాలి | పదివేలు దాటి |

## మీరు ఏ పక్షం?

ఇంజినీరింగ్ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థికి నాలుగు నీలం రిలేలు, ఒక ఎంసీపీ23017 చాలు. 230 వోల్టుల జోలికి పోకుండా 12 వోల్టుల లైట్లతో, చిన్న పంపుతో చూపించండి. మార్కులు అంతే వస్తాయి, నేర్చుకునేది ఎక్కువ ఉంటుంది. కొత్తగా రాస్‌బెర్రీ పై 5 కొన్నవారు ఒకటి గమనించాలి. ఇందులో పిన్నులను ఆర్‌పీ1 అనే వేరే చిప్ నడుపుతుంది, అందువల్ల పాత పాఠాలన్నిటా కనిపించే ఆర్‌పీఐ.జీపీఐవో లైబ్రరీ దీని మీద పనిచేయదు. జీపీఐవోజీరో, ఎల్‌జీపీఐవో వాడాలి. హ్యాట్ కొనేముందు దాని నమూనా ప్రోగ్రామ్ దేనితో రాశారో చూసుకోండి. ఐ2సీ, మోడ్‌బస్ బోర్డులకు ఈ చిక్కు దాదాపు లేదు.

ఇంటికి, అపార్ట్‌మెంటుకు: ప్యానెల్, సంపు, ట్యాంకు 10 మీటర్లలోపు ఉంటే ఆప్టో ఇన్‌పుట్లున్న హ్యాట్. ఐదంతస్తుల పైన ట్యాంకు ఉంటే మోడ్‌బస్. అలాంటి ఇంట్లో రెండింటి మధ్య నిజంగా ఊగుతుంటే మోడ్‌బస్ వైపే మొగ్గండి. రేపు రాస్‌బెర్రీ పోయి వేరే కంప్యూటర్ వచ్చినా బోర్డులు అలాగే పనికొస్తాయి. హ్యాట్‌కు ఆ భాగ్యం లేదు.

పొలానికి మోడ్‌బస్ తప్ప వేరే ఆలోచన వద్దు. డ్రిప్ వాల్వులు 24 వోల్టుల ఏసీవి అయితే నీలం రిలేల రకం కాంటాక్టులకు అవి చాలా తేలిక లోడు. స్టార్టర్‌ను నడిపే పద్ధతి మాత్రం ముందే నిర్ణయించుకోండి. స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా ఒక రిలే, స్టాప్ బటన్‌తో సిరీస్‌లో ఇంకో రిలే పెట్టి, మనిషి నొక్కినట్టే ఒక్కొక్క సెకను ఆన్ చేయడం ఒక పద్ధతి. ఇందులో కరెంటు పోతే స్టార్టర్ దానంతటదే పడిపోతుంది, వచ్చినప్పుడు ఆదేశం లేకుండా లేవదు. కానీ మధ్యలో కంప్యూటర్ ఆగితే మోటారు నడుస్తూనే ఉంటుంది. ఒకే రిలే కాయిల్‌ను పట్టి ఉంచడం రెండో పద్ధతి. టైమరు కమాండుతో కలిపితే కంప్యూటర్ ఆగినా మోటారు ఆగుతుంది, కానీ ఆన్-ఆఫ్ భారమంతా ఆ ఒక్క రిలే మీదే పడుతుంది. బోరులో నీళ్లు తక్కువై డ్రై రన్ భయం ఉన్నచోట రెండోదే మంచిది. నీళ్లు పుష్కలంగా ఉండి, కరెంటు తరచూ పోయి వచ్చే చోట మొదటిది.